రో తీసినా, చేర్చినా ఫార్ములా నిలబడాలంటే

క్లుప్తంగా: స్ప్రెడ్‌షీట్‌లో రో తీసేసినా, కొత్తది చేర్చినా ఫార్ములాలు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. సర్దుకోలేనప్పుడు జరిగే నష్టం రెండు రకాలు. మొదటి రకంలో సెల్‌లో ఎర్రర్ వస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. రెండో రకంలో అంకె మామూలుగానే ఉంటుంది, కానీ అది తప్పు అంకె. ఎక్కువ నష్టం చేసేది ఈ రెండో రకమే. రేంజ్ (ఫార్ములా ఒకేసారి చూసే సెల్‌ల వరుస) అంచులు, నడుస్తున్న బ్యాలెన్స్, మూసి ఉన్న ఫైళ్ల మధ్య లింకులు దీనికి ముఖ్యమైన కారణాలు. ఫార్ములా రాసే పద్ధతి కొద్దిగా మార్చుకుంటే వీటిలో చాలావాటిని ముందే ఆపవచ్చు.

హైదరాబాద్‌లో లెక్కలు చాలావరకు ఇప్పుడు షీట్ల మీదే నడుస్తున్నాయి. గచ్చిబౌలి ఆఫీసుల్లో ఎంఐఎస్ రిపోర్టులు, బేగంబజార్ హోల్‌సేల్ షాపుల్లో స్టాకు, రేట్ల లిస్టులు, కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల మెయింటెనెన్స్ ఖాతాలు, అకౌంటెంట్ల దగ్గర జీఎస్టీ వర్కింగులు, అన్నీ ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఉంటాయి. ఈ షీట్లు ఒకసారి తయారుచేసి పక్కన పెట్టేవి కావు. కొత్త అద్దెవాళ్లు వస్తారు, ఒక ఐటమ్ రావడం ఆగిపోతుంది, మర్చిపోయిన బిల్లు ఒకటి నెల మధ్యలో చేర్చాల్సి వస్తుంది. ప్రతిసారీ ఎక్కడో ఒక రో చేరుతుంది, లేదా పోతుంది.

"నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ టోటల్ కలవట్లేదు" అన్న మాట ఎక్కువగా వినిపించేది ఆ చిన్న మార్పు తర్వాతే. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్టీఆర్-3బి గడువు తర్వాతి నెల 20వ తేదీ. 19 రాత్రి షీటులో తేడా బయటపడితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో అకౌంట్స్ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎక్సెల్ అనగానే వీలుకప్ (పేరును బట్టి దాని ఎదురుగా ఉన్న విలువను తెచ్చే ఫంక్షన్), పివట్ టేబుల్ పేర్లే ముందు వినిపిస్తాయి. రో చేర్చితే ఫార్ములా ఏమవుతుందన్నది మాత్రం చాలామందికి తప్పు జరిగాకే తెలుస్తుంది. నిజానికి రోజూ ఎక్కువసార్లు చేసే పని ఇదే కాబట్టి, నేర్చుకోవడం కూడా ఇక్కడే మొదలవ్వాలి.

## ఫార్ములాకు తెలిసింది అడ్రసు మాత్రమే

డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజీకాల్క్ 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. కాలమ్‌కు అక్షరం, రోకు అంకె, రెండూ కలిపితే సెల్ అడ్రసు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3, 1985లో మొదట మాకింతోష్ మీద వచ్చిన ఎక్సెల్, ఆ తర్వాత గూగుల్ షీట్స్, అన్నీ ఈ పద్ధతినే పట్టుకుని నడిచాయి. ఈనాటి తలనొప్పులకు మూలం కూడా అందులోనే ఉంది. "వాచ్‌మన్ జీతం" అంటే ఏమిటో ఫార్ములాకు తెలియదు. "సి కాలమ్, 10వ రో" అంటే మాత్రమే తెలుసు.

ఎక్సెల్‌లో రో ఇన్సర్ట్ చేసినప్పుడు షీటులో కొత్తగా రో పుట్టదు. ఎక్సెల్ 2007 నుంచి ప్రతి షీటులోనూ ఎప్పుడూ 10,48,576 రోలే ఉంటాయి. క్యూ మధ్యలో ఒకరికి చోటిస్తే వెనకున్నవాళ్లంతా ఒక్కో అడుగు వెనక్కి జరిగినట్టు, కింద ఉన్న డేటా అంతా ఒక రో కిందికి జరుగుతుంది, అంతే. అలా జరిపేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంకో పని కూడా చేస్తుంది. ఆ వర్క్‌బుక్‌లో, అంటే షీట్లన్నీ ఉన్న ఆ ఫైలులో ఉన్న ఫార్ములాలన్నీ వెతికి, జరిగిన సెల్‌ల అడ్రసులను తిరగరాస్తుంది. సి10లో ఉన్న జీతం సి11కు వెళితే, సి10 అని రాసి ఉన్న ప్రతి ఫార్ములాలోనూ అది సి11 అవుతుంది. ఫార్ములా వేరే షీటులో ఉన్నా సరే, అదే వర్క్‌బుక్ అయితే చాలు.

డిలీట్ చేసినప్పుడు కూడా ఇంతే, ఒక్క తేడా ఉంది. తీసేసిన రోలోని సెల్‌ను ఏదైనా ఫార్ములా విడిగా అడ్రసుతో పట్టుకుని ఉంటే, దానికి ఇవ్వడానికి కొత్త అడ్రసు ఉండదు. అప్పుడు ఫార్ములాలో ఆ అడ్రసు ఉన్నచోట "#రెఫ్!" అని వస్తుంది. పాత అడ్రసు పూర్తిగా చెరిగిపోతుంది కాబట్టి, ఆ చోట ముందు ఏ సెల్ ఉండేదో ఫార్ములాను చూసి చెప్పడం కుదరదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. "డాలర్ గుర్తు పెడితే సెల్ లాక్ అవుతుంది, ఇక రో చేర్చినా కదలదు" అని చాలామంది అనుకుంటారు. డాలర్ గుర్తు పనిచేసేది ఫార్ములాను కాపీ చేసినప్పుడు, డ్రాగ్ చేసినప్పుడు మాత్రమే. రో చేర్చినప్పుడు $సి$10 కూడా $సి$11 అవుతుంది. రో తీసేస్తే $సి$10 కూడా #రెఫ్! అవుతుంది. ఎఫ్4 కొట్టి డాలర్లు పెట్టుకుని ధీమాగా ఉన్న షీట్లు కూడా మిగతావాటిలాగే చెడిపోయేది ఇందుకే.

## ప్లస్ గుర్తులతో కూడితే ఒకలా, సమ్‌తో కూడితే ఒకలా

బి2, బి3, బి4 సెల్‌లలో మూడు అంకెలు ఉన్నాయనుకుందాం. టోటల్‌ను రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, =బి2+బి3+బి4. రెండోది, =సమ్(బి2:బి4). రెండింటి జవాబూ ఒకటే. ఇప్పుడు 3వ రో డిలీట్ చేస్తే మొదటి ఫార్ములా =బి2+#రెఫ్!+బి3 అయి, టోటల్ మొత్తం ఎర్రర్ అవుతుంది. రెండోది మాత్రం =సమ్(బి2:బి3) అని నిశ్శబ్దంగా సర్దుకుని, మిగిలిన రెండింటి మొత్తం సరిగ్గా చూపిస్తుంది.

మొదటి ఫార్ములా మూడు సెల్‌లను విడివిడిగా పట్టుకుంది. రెండోది పట్టుకున్నది మొదటి సెల్‌ను, చివరి సెల్‌ను మాత్రమే. మధ్యలో ఎన్ని పోయినా, ఎన్ని చేరినా దానికి ఇబ్బంది లేదు. అంచున ఉన్న రోనే తీసేసినా రేంజ్ ఒక రో కుదించుకుంటుంది తప్ప విరగదు. రేంజ్‌లో ఉన్న రోలన్నీ ఒకేసారి పోతేనే సమ్‌కు కూడా ఎర్రర్ వస్తుంది.

రో చేర్చినప్పుడు ప్లస్ గుర్తుల పద్ధతి ఇంకా ప్రమాదం. కొత్త రో మధ్యలో పడితే =బి2+బి4+బి5 అవుతుంది, కొత్త బి3ని కలుపుకోదు. ఎర్రర్ రాదు, టోటల్ మాత్రం తక్కువ పడుతుంది.

## అంచుల దగ్గరే అసలు చిక్కు

సమ్ వాడితే అంతా క్షేమమేనా అంటే, కాదు. ఒక అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ షీటు తీసుకుందాం. మొదటి రోలో హెడింగులు, 2 నుంచి 16వ రో దాకా 15 ఫ్లాట్లు, ఒక్కో ఫ్లాటుకు రూ.2,500. 17వ రోలో =సమ్(బి2:బి16). మొత్తం రూ.37,500. పైన కొత్తగా పెంట్‌హౌస్ కట్టారు, దాన్ని కూడా చేర్చాలి.

ఫ్లాట్ల మధ్యలో, అంటే 3 నుంచి 16 వరకు ఏ రో దగ్గర ఇన్సర్ట్ చేసినా రేంజ్ బి2:బి17 అవుతుంది, టోటల్ రూ.40,000 వస్తుంది. కానీ పెంట్‌హౌస్ వరుసలో చివరిది కాబట్టి, సహజంగా ఎవరైనా టోటల్ రో మీద రైట్ క్లిక్ చేసి, దాని పైన రో చేరుస్తారు. ఆ కొత్త రో 17వది. రేంజ్ 16తోనే ఆగిపోయింది. హెడింగ్ కింద, మొదటి ఫ్లాటు పైన చేర్చినా ఇదే తంతు. రేంజ్ మొత్తం బి3:బి17కు జరుగుతుంది, కొత్తగా వచ్చిన బి2 బయటే ఉండిపోతుంది.

ఎక్సెల్ కొన్నిసార్లు దీన్ని తనే పసిగట్టి, టోటల్ పైన కొత్తగా టైప్ చేసిన అంకెను రేంజ్‌లోకి లాగుకుంటుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద "ఎక్స్‌టెండ్ డేటా రేంజ్ ఫార్మాట్స్ అండ్ ఫార్ములాస్" అనే సెట్టింగ్ చేసే పని ఇది. ఒక కంప్యూటర్‌లో అది ఆన్‌లో ఉండొచ్చు, పక్క కంప్యూటర్‌లో ఆఫ్‌లో ఉండొచ్చు. "మా దగ్గర చేస్తే వస్తోంది, మీ దగ్గర ఎందుకు రావట్లేదు" అనే వాదనల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. దీన్ని నమ్ముకుని షీటు కట్టుకోవడం మంచిది కాదు.

నమ్మదగిన పాత ఉపాయం ఒకటుంది. డేటాకూ టోటల్‌కూ మధ్య ఒక ఖాళీ రో వదిలి, దానికి బూడిద రంగు వేసి, దాన్ని కూడా రేంజ్‌లో కలపాలి. పై అంచుకు హెడింగ్ రోను కలపాలి. అప్పుడు ఫార్ములా =సమ్(బి1:బి17) అవుతుంది, టోటల్ 18వ రోకు వెళుతుంది. హెడింగ్ అక్షరాలు కాబట్టి, ఖాళీ సెల్‌లో ఏమీ లేదు కాబట్టి, సమ్ ఆ రెండింటినీ పట్టించుకోదు. ఇప్పుడు మొదటి ఫ్లాటు పైన చేర్చినా, చివరి ఫ్లాటు కింద చేర్చినా కొత్త రో రేంజ్ లోపలే పడుతుంది. హెడింగును, బూడిద రోను డిలీట్ చేయకూడదన్న ఒక్క నియమం అందరూ పాటిస్తే చాలు.

చార్టులది కూడా ఇదే పరిస్థితి. అవీ రేంజ్‌లనే పట్టుకుంటాయి కాబట్టి, చివర చేర్చిన నెల గ్రాఫులో కనిపించకపోవడానికి కారణం వేరే వెతకనక్కర్లేదు.

## ఐదు దేశాలు బయట ఉండిపోయిన సగటు

రేంజ్ అంచు తప్పితే ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి ప్రపంచమంతా చర్చించిన ఉదాహరణ ఉంది. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రభుత్వ అప్పులకూ, ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం మీద ఒక పత్రం ప్రచురించారు. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించినవాళ్లు దీన్ని బాగా ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీ, అమ్హెర్స్ట్ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, అధ్యాపకులు మైఖేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి ఆ ఎక్సెల్ ఫైలును పరిశీలించి, సగటు తీసిన ఫార్ములా 30 నుంచి 44వ రో దాకానే ఉందని, 49 దాకా ఉండాల్సిందని చూపించారు. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు.

వాళ్లు సరిచేసిన లెక్కలో ఆ సగటు 2.2 శాతంగా తేలింది. తేడా మొత్తం ఈ ఐదు రోల వల్ల వచ్చింది కాదు. కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, దేశాలకు వెయిటేజ్ ఇచ్చిన పద్ధతి ఇంకా పెద్ద కారణాలు. అయినా ఆ ఐదు రోలు మూడేళ్లపాటు ఎవరి కంటా పడలేదన్నది గమనించాలి. ఆ సెల్‌లో ఎర్రర్ లేదు, ఒక అంకె ఉంది. ఆ అంకెను చూసినవాళ్లెవరూ దాని వెనక ఉన్న రేంజ్‌ను తెరిచి చూడలేదు.

## నడుస్తున్న బ్యాలెన్స్: రెండు వైపులా దెబ్బ

క్యాష్ బుక్, పెట్టీ క్యాష్, అసోసియేషన్ ఖాతా, ఇలా ఎక్కడైనా పై రో బ్యాలెన్స్‌కు ఈ రో జమ కలిపి, ఖర్చు తీసేస్తూ పోయే కాలమ్ ఒకటి ఉంటుంది. రో మార్పులు ఎక్కువగా దెబ్బతీసేది దీన్నే.

బి కాలమ్‌లో జమ, సి కాలమ్‌లో ఖర్చు, డి కాలమ్‌లో బ్యాలెన్స్ అనుకుందాం. డి2లో ఓపెనింగ్ బ్యాలెన్స్ రూ.40,000. 3వ రోలో వాచ్‌మన్ జీతం రూ.14,000, బ్యాలెన్స్ రూ.26,000. 4వ రోలో జనరేటర్ డీజిల్ రూ.3,000, బ్యాలెన్స్ రూ.23,000. 5వ రోలో మెయింటెనెన్స్ వసూళ్లు రూ.37,500, బ్యాలెన్స్ రూ.60,500. డి4లో ఫార్ములా =డి3+బి4-సి4, డి5లో =డి4+బి5-సి5.

ఇప్పుడు రూ.1,500 నీళ్ల ట్యాంకర్ బిల్లు ఒకటి రాయడం మర్చిపోయారని తెలిసింది. తేదీ ప్రకారం అది జీతానికీ డీజిల్‌కూ మధ్య రావాలి. అక్కడ రో చేర్చి, ఖర్చు రాసి, పై రో నుంచి ఫార్ములాను కిందికి లాగితే ట్యాంకర్ రోలో బ్యాలెన్స్ రూ.24,500 వస్తుంది. చూడ్డానికి సరిగ్గానే ఉంది. కానీ 5వ రోకు జరిగిన డీజిల్ ఫార్ములాను తెరిస్తే అందులో =డి3+బి5-సి5 అని ఉంటుంది. డి3 కదల్లేదు కాబట్టి దాని అడ్రసు మారలేదు. డీజిల్ బ్యాలెన్స్ ఇంకా జీతం రో నుంచే లెక్కవుతోంది, మధ్యలో వచ్చిన ట్యాంకర్‌ను దాటేసింది. అక్కడ రూ.21,500 ఉండాల్సింది రూ.23,000 ఉంది. నెలాఖరు బ్యాలెన్స్ రూ.59,000 బదులు పాత రూ.60,500 దగ్గరే నిలిచిపోయింది. బిల్లు షీటులో ఉంది, బ్యాలెన్స్‌లో లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చినప్పుడు రూ.1,500 తేడా వస్తే, ప్రతి ఎంట్రీ సరిగ్గా ఉన్నా ఎక్కడ పోయిందో అర్థం కాక గంటలు గడిచిపోతాయి.

అప్పటికప్పుడు సరిచేయడానికి, కొత్త రో ఫార్ములాను దాని కింది రో మీదికి కూడా లాగాలి. కొత్త రో వరకే లాగి ఆపేయడం వల్లే ఈ తప్పు మిగిలిపోతోంది.

తీసేసినప్పుడు దెబ్బ ఇంకోలా ఉంటుంది. మధ్యలో ఒక రో డిలీట్ చేస్తే దాని కింది బ్యాలెన్స్ #రెఫ్! అవుతుంది, దాని మీద ఆధారపడిన తర్వాతి రో కూడా, అలా చివరిదాకా ఎర్రర్లే. చూడగానే గుండె గుభేల్మంటుంది గానీ, ఇది చేర్చినప్పటి తప్పుకంటే మేలు. పైన బాగున్న రో నుంచి ఫార్ములాను ఒక్కసారి కిందికి లాగితే అన్నీ తిరిగి వస్తాయి.

రెండు ఇబ్బందులూ లేకుండా ఉండాలంటే బ్యాలెన్స్‌ను పై రో మీద ఆధారపడనీయకూడదు. ఓపెనింగ్ బ్యాలెన్స్‌ను కూడా బి2లో జమగా రాసి, డి4లో =సమ్(బి$1:బి4)-సమ్(సి$1:సి4) అని పెట్టుకోవాలి. అంటే హెడింగ్ నుంచి ఈ రో దాకా ఉన్న జమలన్నిటి నుంచి, ఇక్కడిదాకా ఉన్న ఖర్చులన్నీ తీసేయడం. ఇక్కడ డాలర్ గుర్తు ఉపయోగపడేది ఫార్ములాను కిందికి లాగడానికి. మధ్యలో ట్యాంకర్ రో చేరితే డీజిల్ రోలోని రేంజ్ దానంతటదే సాగి దాన్ని కలుపుకుంటుంది. రో తీసేస్తే కుదించుకుంటుంది. కొత్త రోలో ఫార్ములా పెట్టడం మర్చిపోయినా కింది బ్యాలెన్స్‌లు మాత్రం సరిగ్గానే ఉంటాయి. వేల రోలున్న షీటులో ప్రతి రో పైనుంచి కూడుకుంటూ రావడం వల్ల కొంచెం నెమ్మదిస్తుంది. అపార్ట్‌మెంట్ ఖాతాకో, షాపు క్యాష్ బుక్కుకో ఆ తేడా తెలియదు.

పై సెల్‌ను ఆఫ్‌సెట్ ఫంక్షన్‌తో పట్టుకునే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అది కూడా పనిచేస్తుంది. కాకపోతే షీటులో ఎక్కడ ఏ మార్పు చేసినా ఆఫ్‌సెట్ మళ్లీ లెక్కవుతుంది, అందుకే ఎక్కువసార్లు వాడితే ఫైలు బరువెక్కుతుంది. సమ్ రేంజ్ పద్ధతి చదివేవాళ్లకు కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

## టేబుల్‌గా మార్చుకుంటే

ఎక్సెల్ 2007 నుంచి ఉన్న టేబుల్ సౌకర్యం ఈ అంచుల సమస్యను చాలావరకు తీసేస్తుంది. డేటాలో ఎక్కడైనా కర్సర్ పెట్టి కంట్రోల్ టి నొక్కితే ఆ భాగం టేబుల్ అవుతుంది. ఆ తర్వాత ఫార్ములాలు బి2:బి16 అని కాకుండా, ఫలానా టేబుల్‌లోని ఫలానా కాలమ్ అని పేరుతో పట్టుకుంటాయి. చివరి సెల్‌లో ట్యాబ్ నొక్కితే కొత్త రో వస్తుంది, టోటల్‌లో కలుస్తుంది. కాలమ్ అంతా ఒకే ఫార్ములా ఉంటే కొత్త రోలోకి అది కూడా దానంతటదే వచ్చేస్తుంది. గూగుల్ షీట్స్‌లో కూడా 2024 నుంచి టేబుళ్లు ఉన్నాయి. టేబుల్ లేకపోయినా, గూగుల్ షీట్స్‌లో బి2:బి అని చివరి రో నంబరు రాయకుండా వదిలేస్తే కాలమ్ చివరిదాకా అన్నీ లెక్కలోకి వస్తాయి. అప్పుడు టోటల్‌ను అదే కాలమ్‌లో కింద పెట్టకూడదు, పక్కనో వేరే షీటులోనో పెట్టాలి.

టేబుల్‌కూ పరిమితులున్నాయి. షీటుకు ప్రొటెక్షన్ పెడితే ఎక్సెల్ టేబుల్ పెరగదు. ఫార్ములాలు ఎవరూ చెరపకూడదని పాస్‌వర్డ్ పెట్టి, అదే షీటులో సిబ్బంది రోజూ ఎంట్రీలు చేర్చాలనుకునే ఆఫీసుల్లో ఇది పెద్ద ఇబ్బంది. ఎంట్రీలకు ఒక షీటు, లెక్కలకు ఇంకో షీటు విడదీసి, రెండోదానికే ప్రొటెక్షన్ పెట్టుకోవడం దీనికి మార్గం. ఇక పై రోను పట్టుకునే బ్యాలెన్స్ ఫార్ములా టేబుల్‌లోనూ తిప్పలు పెడుతుంది కాబట్టి, పైన చెప్పినట్టు హెడింగ్ నుంచి కూడుకుంటూ వచ్చే పద్ధతే అక్కడా మేలు, కాకపోతే బి$1:బి4 లాంటి అడ్రసుల బదులు టేబుల్ కాలమ్ పేర్లతో రాసుకోవాలి.

## అసలు సర్దుకోనివి

సాఫ్ట్‌వేర్ తిరగరాసేది ఫార్ములాలో సెల్ అడ్రసుగా ఉన్నదాన్ని మాత్రమే. కోట్స్ మధ్య అక్షరాలుగా ఉన్నదాన్ని, ఉత్త అంకెగా ఉన్నదాన్ని ముట్టుకోదు.

ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్‌లో "బి7" అని కోట్స్‌లో రాస్తే, పైన ఎన్ని రోలు చేరినా అది బి7నే చూస్తుంది. ఏదేమైనా 7వ రోనే కావాలనుకునేవాళ్లకు ఇది వరం. జీతం ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు తప్పు అంకె ఇస్తుంది. ఇండెక్స్ ఫంక్షన్‌లో 7వ రో అని అంకె వేసినా అంతే. ఆ అంకె బదులు మ్యాచ్ ఫంక్షన్ పెట్టి పేరుతో వెతికిస్తే రో ఎక్కడికి జరిగినా దొరుకుతుంది. వీలుకప్‌లో మూడో కాలమ్, నాలుగో కాలమ్ అని రాసే అంకెది కూడా ఇదే జాతి. మధ్యలో కాలమ్ చేర్చితే రేటు రావాల్సిన చోట స్టాకు వస్తుంది. మైక్రోసాఫ్ట్ 365లోనూ, ఎక్సెల్ 2021లోనూ ఉన్న ఎక్స్‌లుకప్‌లో ఈ అంకె అవసరమే లేదు. మ్యాక్రోల్లో (పనులను వాటంతట అవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాముల్లో) రాసిన సెల్ అడ్రసులు కూడా కోట్స్‌లో ఉంటాయి కాబట్టి అవీ మారవు.

ఆఫీసుల్లో ఎక్కువ నష్టం చేసేది మాత్రం ఫైళ్ల మధ్య లింకులు. బ్రాంచి ఫైలులోని టోటల్‌ను హెడాఫీసు ఫైలు చూస్తోందనుకుందాం. రెండూ ఒకే కంప్యూటర్‌లో తెరిచి ఉన్నప్పుడు బ్రాంచి ఫైలులో రో చేర్చితే లింకు సర్దుకుంటుంది. హెడాఫీసు ఫైలు మూసి ఉంటే దానికి ఈ మార్పు తెలియదు. మర్నాడు తెరిచి అప్‌డేట్ చేస్తే పాత అడ్రసులో ఇప్పుడు ఏ అంకె ఉంటే అదే తెచ్చుకుంటుంది. టోటల్ ఉండాల్సిన చోట చివరి కస్టమర్ బాకీ వచ్చి కూర్చుంటుంది, ఎర్రర్ ఏమీ రాదు. గూగుల్ షీట్స్‌లో ఇంకో ఫైలు నుంచి డేటా తెచ్చే ఇంపోర్ట్‌రేంజ్ ఫంక్షన్ కూడా అడ్రసును కోట్స్‌లోనే తీసుకుంటుంది కాబట్టి దానిదీ ఇదే కథ. ఇంకో ఫైలు చూసే ప్రతి సెల్‌కూ నేమ్ మేనేజర్‌లో పేరు పెట్టి, ఆ పేరుతోనే లింకు ఇస్తే ఈ బెడద పోతుంది. రో ఎక్కడికి జరిగినా పేరు ఆ సెల్‌తోనే వెళుతుంది.

## తీసేయడంలో రకాలు

కీబోర్డు మీది డిలీట్ కీ సెల్‌లోని విషయాన్ని మాత్రమే చెరుపుతుంది. సెల్ అక్కడే ఉంటుంది, ఫార్ములాలు విరగవు. కంట్రోల్, మైనస్ నొక్కితే పోయేది సెల్లే. ఖాళీ చేసిన ఫ్లాటు రోను తీసేయడం కంటే అంకె చెరిపి వదిలేయడం చాలా సందర్భాల్లో సరిపోతుంది, పాత రికార్డూ చెదరదు.

రో మొత్తం సెలెక్ట్ చేయకుండా కొన్ని సెల్‌లే తీసేస్తే "షిఫ్ట్ సెల్స్ అప్" అని అడుగుతుంది. సరే అంటే ఆ కాలమ్ ఒక్కటే పైకి జరిగి, 203 ఫ్లాటు ఎదురుగా 204 వాళ్ల డబ్బులు చేరతాయి. రో మొత్తం తీసినా టోటల్ అంతే వచ్చేది కాబట్టి ఇది ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

దాచిన రోలతో కూడా జాగ్రత్త. ఫిల్టర్ పెట్టి, కనిపిస్తున్న రోలను డిలీట్ చేస్తే ఎక్సెల్ వాటినే తీస్తుంది. హైడ్ చేసి దాచిన రోలు మాత్రం సెలెక్షన్ మధ్యలో ఉంటే వాటితో పాటే పోతాయి.

## రో ముట్టుకునే ముందు, తర్వాత

తీయబోయే రోలోని ముఖ్యమైన సెల్ మీద కర్సర్ పెట్టి ఫార్ములాస్ ట్యాబ్‌లో ట్రేస్ డిపెండెంట్స్ నొక్కితే, ఆ సెల్ మీద ఏ ఫార్ములాలు ఆధారపడ్డాయో బాణాలు చూపిస్తాయి. వేరే షీటులో ఉంటే చిన్న షీటు బొమ్మతో బాణం కనిపిస్తుంది. తీసేశాక కంట్రోల్ ఎఫ్‌తో వర్క్‌బుక్ మొత్తం #రెఫ్! కోసం ఫార్ములాల్లో వెతకాలి. తెర మీద కనిపించేది ఒకటే షీటు, విరిగింది ఇంకో షీటులో ఉండొచ్చు.

ఈ వెతుకులాటను ఇఫ్‌ఎర్రర్ పనికిరాకుండా చేస్తుంది. ఎర్రర్ వస్తే సున్నా చూపించమని ప్రతి ఫార్ములానూ ఇఫ్‌ఎర్రర్‌లో చుట్టే అలవాటు రిపోర్టులను అందంగా ఉంచుతుంది. కానీ రో పోయి ఫార్ములా విరిగినా అక్కడ సున్నానే కనిపిస్తుంది, ఆ నెల ఖర్చు లేదేమో అనుకుని చదివేవాళ్లు ముందుకెళ్లిపోతారు. వెతికినది దొరకనప్పుడు మాత్రమే వేరే మాట చూపించాలనుకుంటే ఇఫ్‌ఎన్ఏ సరిపోతుంది, అది #రెఫ్!ను దాచదు.

ఎర్రర్ చూపని తప్పులను పట్టుకోవడానికి టోటల్ పక్కనే అదే రేంజ్‌తో ఒక కౌంట్ పెట్టుకోవడం చాలా మంచి అలవాటు. రూ.37,500 చూసి తప్పని ఎవరూ అనుకోరు. పక్కన 15 అని కనిపిస్తే మాత్రం, ఫ్లాట్లు 16 కదా అని అసోసియేషన్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బ్యాలెన్స్‌కు కూడా అలాగే, మొత్తం జమల నుంచి మొత్తం ఖర్చులు తీసేసిన అంకెను షీటు పైభాగంలో విడిగా లెక్కగట్టి, చివరి బ్యాలెన్స్‌తో పోల్చే సెల్ ఒకటి పెట్టుకోవచ్చు. ట్యాంకర్ బిల్లు దాటిపోయిన రోజే అక్కడ రూ.1,500 తేడా కనిపిస్తుంది.

తప్పు తెలిసేసరికి ఫైలు సేవ్ చేసి మూసేసి ఉంటే కంట్రోల్ జెడ్ పనిచేయదు. గూగుల్ షీట్స్‌లోనూ, వన్‌డ్రైవ్‌లో ఉన్న ఎక్సెల్ ఫైళ్లలోనూ వెర్షన్ హిస్టరీ నుంచి పాత ఫైలును తెరవొచ్చు. #రెఫ్! పడిన చోట మొదట ఏ సెల్ ఉండేదో తెలియాలంటే ఆ పాత వెర్షన్‌లోని ఫార్ములానే చూడాలి. గూగుల్ షీట్స్‌లో ప్రస్తుత వెర్షన్‌కు పేరు పెట్టే వీలు కూడా ఉంది. మార్చి 31 లెక్కలు మూసేముందు, నలుగురైదుగురు ఒకే షీటులో రోలు తీసి చేర్చే రోజుల్లో, పని మొదలుపెట్టకముందే ఆ పేరు పెట్టేయాలి.